దీపం కాడ మనిషి

లేదు, నేను ఒప్పుకోను. "ఇంట్లోవాళ్లు ఆమెను బాగానే చూసుకుంటున్నారు కదా, మధ్యలో నీకెందుకంత కోపం?" అని ఎన్నిసార్లు అడిగినా నా జవాబు ఇదే. బాగా చూసుకోవడం వేరు, వెంట తీసుకుపోవడం వేరు. మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఈ గొడవ మొదలైతే చార్జింగ్ అయిపోయేదాకా టైప్ చేస్తూనే ఉంటాను. "అన్నం పెడుతున్నారు, బట్టలు కొంటున్నారు, జ్వరమొస్తే దవాఖానకు తీసుకుపోతున్నారు, ఇంకేం కావాలి?" అంటాడు మా బాబాయ్. ఆయన్ను ఎవరూ అట్లా అడగరు. అడిగితే ఆయనకు కావాల్సినవన్నీ ఒక మెసేజ్‌లో పట్టవు.

ఆమెకు కావాల్సింది మాత్రం ఒక్కటే. తమ్ముడి పెళ్లికి వెళ్లడం. వెళ్లి, తన చేతులతో వాడి నుదుటికి బాసింగం కట్టడం.

అక్కా అని పిలుస్తాను కాని, ఆమె నాకు సొంత అక్క కాదు. అనంతగిరి మండలంలో గొర్లు పెంచుకునే ఒక ఇంటి ఆడబిడ్డ. చిన్నప్పుడు వచ్చిన జ్వరంలో రెండు కాళ్లూ చచ్చుబడ్డాయి. ఇంట్లో చేతుల మీద జరుగుతుంది. బయటికొస్తే చేత్తో తిప్పే మూడు చక్రాల సైకిల్. నేనేమో ఉప్పల్‌లో పుట్టి పెరిగినదాన్ని. సూర్యాపేటలో వికలాంగులతో పనిచేసే ఒక చిన్న సంస్థలో ఉద్యోగం దొరికి, బస్టాండు వెనక కిరాయి గదిలో దిగాను. మాది ఏదో పంచిపెట్టే పని కాదు, తోడు వెళ్లే పని. బ్యాంకు పై అంతస్తులో ఉంటే మేనేజర్‌నే కిందికి రప్పించడం, బస్సు ఆపకుండా పోతే డిపోకు ఫోన్ చేసి పోట్లాడటం, పిల్లను బళ్లో చేర్చుకోమంటే చట్టం చదివి వినిపించడం. పోట్లాడితే జీతమిస్తారంటే నాకంటే తగినవాళ్లు ఎవరుంటారు చెప్పండి.

నెలకోసారి కోదాడలో మీటింగు పెట్టుకునేవాళ్లం, మా సంఘంలోనే ఉన్న ఒక ఆటో అన్న ఇంటి రేకుల షెడ్డులో. ఆ అన్నకు ఒకటి పెట్టుడు కాలు. అక్కను ఊరి నుంచి తెచ్చేదీ, తిరిగి దించేదీ ఆయనే. దించేటప్పుడు నేనూ ఆటోలో వెళ్లి వాళ్లింట్లో తినేసి వచ్చేదాన్ని. మీటింగులో ఒక పద్ధతి ఉండేది. వచ్చినవాళ్లు ఒక్కొక్కరూ తాము పోవాలనుకుని పోలేకపోతున్న చోటు ఒకటి చెప్పాలి. ఎట్లా పోవచ్చో మిగతావాళ్లంతా కలిసి ఆలోచించాలి. ఒక పెద్దాయన సంతకు పోయి తన ఎద్దును తానే బేరమాడాలన్నాడు. కళ్లు కనిపించని ఒకమ్మాయి సినిమా హాల్లో బాల్కనీ టికెట్టే కావాలన్నది. రెండూ జరిగాయి.

అక్క మాత్రం తన వంతు వచ్చినప్పుడల్లా "నాకేం లేదు, నన్నిడిసి పెట్టుండ్రి" అనేది. ఒకరోజు ఉన్నట్టుండి అన్నది.

"నాకు పెండ్లికి పోవాలని ఉన్నది."

ఆటో అన్న ఊరుకుంటాడా? "ఎవరి పెళ్లికమ్మా? నీదైతే చెప్పు, కోదాడ కోదాడంతా కదిలొస్తది."

"నా పెండ్లైతే నువ్వు ముంగట కూసొని మొత్తం మటన్ తింటవని చేసుకుంటలేనన్నా. మా తమ్మునిది."

అందరూ నవ్వారు. నేను నవ్వుతూనే ఫోన్‌లో తారీఖు పెట్టుకున్నాను. అప్పుడు చెప్పింది అసలు సంగతి. తను ఇంతవరకు ఒక్క పెళ్లి కూడా చూడలేదు. అన్నీ ఫోన్‌లో చూసినవే.

ఎందుకంటే ఆమెకు ప్రతి పెళ్లిలోనూ ఒక పని ఉంది. వాళ్లలో పెళ్లికి ముందు కుమ్మరి ఇంటి నుంచి ఐరేని కుండలు తెస్తారు. సున్నం, జాజు ముగ్గులు వేసిన కుండలు. వాటిని లోపలి గదిలో పెట్టి దీపం వెలిగిస్తారు. కొత్త కోడలు గడపలో కాలు పెట్టేదాకా ఆ దీపం ఆరకూడదు. కనుక అందరూ పెళ్లికి పోయినా దీపం కాడ ఒక మనిషి ఉండాలి. చిన్నాయన ఇంట్లో పెళ్లయినా, మేనమామ ఇంట్లో పెళ్లయినా ముందురోజే అక్కను తీసుకుపోయి దీపం కాడ కూర్చోబెట్టేవాళ్లు. "ఆమె చెయ్యి సల్లనిది, ఆమె కూసుంటే దీపం కదలదు" అని పొగిడేవాళ్లు. అందరూ వెళ్లిపోయేవాళ్లు. సాయంత్రానికి టిఫిన్ డబ్బాలో చల్లారిన కూర వచ్చేది.

ఈసారి పెళ్లి తమ్ముడిది. తల్లి రోజంతా గొర్ల వెంట ఉంటే వాడిని పెంచింది అక్క. పాకే వయసులో వాడు గడప దాటితే వెంటపడి పట్టుకోలేదు కదా, పాత చీర పేలిక ఒకటి వాడి మొలతాడుకు కట్టి, రెండో కొస తన మణికట్టుకు కట్టుకునేది. వాడు దూరం పోతే లాక్కునేది. ఆ పిల్లవాడే ఇప్పుడు దామరచర్ల కరెంటు ప్లాంటులో పని చేస్తున్నాడు. వాళ్ల ఇంట్లో పెళ్లికొడుక్కి బాసింగం కట్టేది అక్కే. కాని ఈ అక్క దీపం కాడ ఉంటుంది కనుక చిన్నాయన కూతురు కట్టాలని ఎవరికి వాళ్లే అనేసుకున్నారు.

పెళ్లి మిర్యాలగూడలో, అమ్మాయివాళ్ల ఊళ్లో, ఫంక్షన్ హాల్లో. నేను ముందు హాలు మేనేజర్‌కు ఫోన్ చేశాను.

"మెట్లెక్కలేనోళ్లొస్తే మా పిల్లగాండ్లు ఎత్తుకొని తెస్తరు మేడమ్. మాది మనసున్న హాలు" అన్నాడు.

"మనసు సంగతి కాదు సార్, ర్యాంపు ఉందా?"

"ఎందుకు లేదు? ఎనుక వంటల దిక్కున్నది. గ్యాసు బండలు, వంట గంజులు పోయే తొవ్వ."

"మనుషులు పోయేది?"

"మనుషులకు మెట్లున్నయి గద మేడమ్."

ఫోన్ పెట్టేసి గదిలో నేనొక్కదాన్నే కాసేపు అరిచాను. తర్వాత తమ్ముడికి చేశాను. వాడు మంచివాడే. అదే నా బాధ. చెడ్డవాడైతే తిట్టి ఊరుకునేదాన్ని.

"నాకు మాత్రం అక్క రావాలని ఉండదా? గంత మందిల ఎత్తుకొని మెట్లెక్కిస్తుంటే అందరు సూస్తరు. ఆమెకే నామోషీ."

"ఆమెకా, నీకా?"

వాడు పక్కన ఎవరికో ప్లాంటు పని ఏదో పురమాయించాడు. తర్వాత "మీరు తీస్కరాగలిగితే నేనొద్దంటనా?" అన్నాడు. అది సరే అనడమో, తప్పించుకోవడమో నాకు ఇప్పటికీ తెలియదు.

వెనక దారి ఉందన్న సంగతి అక్కకు చెప్పాను. ఆమె నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది. వెనక గొర్ల అరుపులు. "వంటింట్ల నుంచి పోతే ఏమైతదే? కూర ఉడికిందో లేదో గూడ సూస్కుంట పోవచ్చు."

"నువ్వు పెళ్లికొడుకు అక్కవు. ముందు నుంచే పోవాలి" అని నేను.

"పెండ్లికి నువ్వు పోతున్నవా, నేను పోతున్ననా?"

అయినా నేను వదల్లేదు. ఆటో అన్న తలుపులు చేసే షాపులో మందపాటి ప్లైవుడ్ చెక్క ఒకటి చేయించాడు, మెట్ల మీద పరిస్తే చక్రాల కుర్చీ ఎక్కేట్టుగా. మా సంస్థ నుంచి మడిచే కుర్చీ తెచ్చాను. నేను కూడా పట్టుచీర కొనుక్కున్నాను. హాలు గుమ్మం దగ్గర ఎవరైనా అడ్డం చెప్తే ఏమనాలో మాటలు కూడా తయారు చేసి పెట్టుకున్నాను.

పెళ్లి రోజు పొద్దున్నే పెళ్లివారి బస్సు ఇంటి ముందు ఆగింది. దాని వెనక ఆటో, ఆటోలో నేను. అక్క జరీ అంచు చీర కట్టుకుని, తల నిండా పూలు పెట్టుకుని గడప దగ్గర కూర్చుంది. చేతిలో బాసింగం. అప్పుడు మొదలైంది.

"దీపం కాడ మనిషి లేకుంట ఇల్లిడిసి పోతమా?" అంది వాళ్లమ్మ. ఆమె గొంతులో కోపం లేదు, నిజంగానే భయం. "ఆరిపోతే, రేపు నా కొడుకు సంసారానికి ఏమన్న అయితే నేనెవర్నడగాలె?"

బస్సు కిటికీలోంచి ఒక చిన్నమ్మ అందుకుంది. "ఎప్పుడు కూసునే పిల్లనే గద, ఇయ్యాల ఏమొచ్చింది కొత్తగ? ఆమె చెయ్యి సల్లనిది."

"ఇయ్యాల నా చెయ్యి కాలుతున్నదని చెప్పు చిన్నమ్మా" అంది అక్క.

బస్సు డ్రైవర్ హారన్ కొట్టాడు. తమ్ముడు బస్సు మెట్ల మీద నిలబడి నేలకేసి చూస్తున్నాడు. అక్క తిరిగి నా వైపు చూసింది.

"చెల్లె ఉంటది దీపం కాడ."

నేనా? హాలు దగ్గర కొట్లాడాల్సింది నేను. చీర కట్టుకున్నది నేను.

"పరాయి పిల్లాయె" అంది వాళ్లమ్మ.

"ఇన్నొద్దుల సంది మనింట్ల తింటున్నది. పరాయిదెట్లయితది? నువ్వెక్కమ్మా బస్సు."

వాళ్లమ్మ నన్ను కిందికీ పైకీ చూసింది. "కాళ్లు కడుక్కొని కూసో బిడ్డా. ఫోన్ జర పక్కకు పెట్టు" అని చెప్పి బస్సెక్కింది. అక్క మడిచే కుర్చీలోకి జరిగింది, ఆటో అన్న గడప ముందు చెక్క పరిచాడు. ఆమె కుర్చీలోంచి ఆటోలోకి తనంతట తానే చేతుల మీద లేచి మారింది. ఆటో కదిలినప్పుడు వెనక్కి తిరిగి కూడా చూడలేదు. అంత ఆత్రం. నాకు కోపం రావాల్సింది. కాని కడుపు నిండినట్టయింది.

తర్వాత ఇల్లు ఖాళీ. దొడ్లో గొర్లు, గదిలో కుండలు, దీపం, నేను. లోపల సిగ్నల్ రాదు. దొడ్డి గోడ దగ్గరైతే రెండు గీతలు వస్తాయి. దీపం చూడటం, గోడ దగ్గరికి పరిగెత్తడం, మళ్లీ దీపం. ఎండ ఎక్కేసరికి ఆటో అన్న ఫోన్.

"చెల్లెమ్మా, మిర్యాలగూడ బయట ధాన్యం లారీలు బారుగా ఆగినయ్. మిల్లుల కాడిదాకా ఇదే వరస. ఆటో దూరే సందు కూడా లేదు."

వరికోతల రోజులు. మిల్లుల ముందు లారీలు అట్లా నిలబడతాయని అక్కడ అందరికీ తెలుసు. పెళ్లి బస్సు అంతకుముందే దాటిపోయింది.

"రాంగ్ సైడు పో అన్నా!"

"ఉన్నదొక్క కాలు. దాన్ని కూడా లారీ కింద పెట్టమంటావా ఏంటి?"

తమ్ముడికి చేశాను. వేరేవాళ్లెవరో ఎత్తారు. వెనక సన్నాయి.

"పెండ్లికొడుకు పీటల మీద కూసుంటుండు. మల్ల చెయ్యి."

"బాసింగం ఆపమనండి. వాళ్లక్క దగ్గరికొచ్చేసింది, దారిలో ఉంది."

"ముహూర్తం ఆగుతదా మేడమ్? ఇంకోటి దొరికింది, కడుతున్నరు."

ఫోన్ కట్. అక్క చేతిలో బాసింగం అట్లాగే ఉంది. అక్కడ ఇంకోటి దొరికింది. అంతే. నేను దొడ్డి గోడను చేత్తో గుద్దాను. గొర్లు బెదిరి ఒక మూలకు పోయాయి.

మళ్లీ అన్న ఫోన్. హాలు దగ్గరికి చేరారు. మెట్ల మీద చెక్క పరుద్దామంటే అక్కడ పూల ఆర్చి ఉంది. దాని కింద ఫొటోలు దిగుతున్నారు. ఫొటోలు అయ్యేదాకా దాన్ని కదల్చం అంటున్నారు.

"జరపమను అన్నా! స్పీకర్లో పెట్టు, నేను మాట్లాడతా. నువ్వు ముందు నుంచే తీసుకుపో."

ఫోన్ అక్క తీసుకుంది. "ఇగ అరువకే. నేను వంటల దిక్కు నుంచి పోతున్న. తాళి కట్టంగనన్న సూడాలె గద."

కట్ చేసింది. నాకు తెలిసి ఆమె నా ఫోన్ కట్ చేయడం అదే మొదటిసారి.

ఇక ఎవరూ ఫోన్ చేయలేదు. నేను కుండల ముందు గోడకు ఆనుకుని కూర్చున్నాను. రీల్స్ తిరగేద్దామంటే నెట్ లేదు. పాత ఫొటోలు చూసుకున్నాను, అవీ అయిపోయాయి. ఇప్పుడు తలంబ్రాలు పోసుకుంటుంటారా? ఎవరు నవ్వుతుంటారు? అమ్మాయి ఏ రంగు చీర కట్టుకుంది? నాకేమీ కాని ఆ పెళ్లి కోసం ప్రాణం కొట్టుకులాడింది. బయట రోడ్డు మీద ఏ బండి చప్పుడైనా లేచి నిలబడ్డాను. నేను లేచి నిలబడగలను కనుక నిలబడ్డాను. ఆమె ఇట్లాంటి చప్పుళ్లు ఎన్ని వినుంటుందో.

ఇంకొకటి కూడా గమనించాను. పొద్దున వాళ్లమ్మ ప్రమిద నిండా నూనె పోసి, లావు వత్తి వేసి వెళ్లింది. గదికి కిటికీ లేదు. గాలి రాదు. దీపం కదల్లేదు. నేను చేయాల్సిన పని ఒక్కటీ లేదు.

పొద్దు వాలుతుండగా ఆటో వచ్చింది, బస్సు కంటే ముందు. అక్క చీర మీద పసుపు బియ్యం గింజలు. గడప దాటి చేతుల మీద జరుగుతూ వచ్చి నా పక్కన కూర్చుంది.

"చూశావా?" అన్నాను.

"సూసిన. పెద్ద టీవీల." పగలబడి నవ్వింది. "స్టేజీకి గూడ మెట్లున్నయే! దాని సంగతి మనకెవ్వరికన్న యాదికొచ్చిందా? కింద కూసుంటే ముంగట కెమెరావోళ్ల వీపులు. పక్కకు పెద్ద టీవీ పెట్టిండ్రు. దాంట్లనే సూసిన. ఫోన్ల సూసినట్టే, జర పెద్దగ."

నేను ఏడ్చాను. ఆమె ఏడవలేదు.

"బంతిల కూసొని తిన్నా తెలుసా? ఉడుకుడుకు బగారన్నం. పక్కకు ఎవరో ఆమె, నేనెవరో తెల్వది, 'ఇంకొంచెం కూర ఏపిచ్చుకో' అన్నది. ఏపిచ్చుకున్న." చీర మీది గింజలు దులుపుకుంటూ, "తమ్ముడు స్టేజీ మీద నుంచి చెయ్యి ఊపిండు" అంది.

బాసింగం ఇంకా ఆమె బ్యాగులోనే ఉంది. నేను అడగలేదు. దీపం వైపు చూసి నా కోపమంతా దాని మీదికి తిప్పాను.

"దీనికి మనిషే అక్కర్లేదక్కా! పొద్దుటి నుంచి నేనేమీ చేయలేదు. అదే వెలుగుతోంది. ఇన్నేళ్లు నిన్ను ఊరికే కూర్చోబెట్టారు."

ఆమె నన్ను చిన్నపిల్లను చూసినట్టు చూసింది.

"నాకు తెల్వదానే? చిన్నప్పుడే తెలుసు."

"మరి చెప్పలేదేం?"

"దీపం లేకపోతే వాళ్లు అసలు మాట అనాలె గద. మా అమ్మతోని ఆ మాట ఎట్ల అనిపియ్యాలె?"

బయట బస్సు హారన్. పిల్లలు అరుస్తూ దిగుతున్నారు. అక్క పూలు సర్దుకుని గడప దగ్గరికి జరిగింది, కొత్త మరదలిని చూడటానికి.

ఆ తర్వాత కొన్నాళ్లకు మేనమామ ఇంట్లో పెళ్లి వచ్చింది. ఈసారి అక్కడ వాళ్లమ్మే ప్రమిదలో నూనె పోసి, ఆ ఇంటికి తాళం వేసి, అక్కను ఆటో ఎక్కించిందట. ఆటో అన్న వీడియో పంపాడు. హాలు మెట్ల మీద మన చెక్క, దాని మీద కుర్చీ, కుర్చీలో అక్క. ఎవరూ ప్రత్యేకంగా చూడటం లేదు. ఆ వీడియో ఎన్నిసార్లు చూశానో.

ఇప్పుడు నేను ఉప్పల్‌లో ఉన్నాను. సూర్యాపేట ఉద్యోగం అయిపోయింది. వచ్చే ముందు కోదాడలో చివరి మీటింగుకు అక్క తమ్ముడి పెళ్లి ఆల్బం తెచ్చింది. అట్ట మీద దీపాలు, గులాబీలు. లోపల ఒక పెద్ద ఫొటోలో తమ్ముడి నుదురు, బాసింగం, వెనక దారం ముడి వేస్తున్న రెండు చేతులు. ముఖం లేదు, చేతులే. అక్క ఆ పేజీ మీద అరచెయ్యి పెట్టుకుని కూర్చుంది.

వంతు ఆమె దాకా వచ్చింది. "ఈసారి ఎక్కడికమ్మా?" అన్నాడు ఆటో అన్న.

"గీ పెండ్లికే" అంది అక్క. "ముహూర్తానికి ముందు."

రేకుల షెడ్డులో ఎవరూ నవ్వలేదు. మా పద్ధతి ప్రకారం ఎట్లా పోవచ్చో అందరం ఆలోచించాలి. ఎవరం ఏం ఆలోచిస్తాం? కాసేపటికి అక్కే తేరుకుని, "నవ్వులాటకన్న, చాయ్ తాగుండ్రి" అని ఆల్బం మూసేసింది.

ఈ నగరంలో ఏ ఫంక్షన్ హాలు ముందు పూల ఆర్చి కనిపించినా నా కాళ్లు ఆగిపోతాయి. ఫోన్ తీసి ఆమెకు చేద్దామనుకుంటాను, చేసి ఏం చెప్పను? ఆమెకు ఒక్కడే తమ్ముడు. వాడి పెళ్లి అయిపోయింది. ఇట్లా రాస్తే కొందరు నవ్వుతారని తెలుసు, ఒక్క ఆర్చి కోసం, ఒక్క ముడి కోసం ఇంత గోలా అని. సరే, గోలే అనుకోండి. నాలుగు ఫొటోలు ఆపి ఆ పూలను ఒక పక్కకు జరపడం ఎక్కువ అడగడమేనని, కోదాడ వచ్చి ఆమె ఎదురుగా కూర్చుని, కళ్లలోకి చూస్తూ మీరు అనగలరా?